బోర్లా ఎలుక, వెల్లకిలా మనిషి

అబద్ధాన్ని పట్టుకోవడం పెద్ద పని కాదు, దానికి కాళ్ళు కుదురుగా ఉండవు, ఎక్కడో ఒకచోట తడబడుతుంది అని భూతద్దం గారు అంటూ ఉంటారు. నిజంతోనే చిక్కు. అది నట్టింట్లో బాసింపట్టు వేసుకుని మన మొహంలోకే చూస్తూ కూర్చుంటుంది. మనమే గుమ్మంలో చెప్పుల్ని తప్పుకున్నట్టు దాన్ని తప్పుకుని పోతాం.

ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్ళకే గుర్తులేదు. ఎప్పుడూ జేబులో ఉండే ఉక్కు పిడి భూతద్దమే ఆయన పేరు మింగేసింది. ఆ అద్దంలోంచి చీమ కుంటి నడక చూసి ఒకసారి చక్కెర దొంగని పట్టానని చెబుతారు. ఆరు కాళ్ళున్న చీమ కుంటితే ఎలా తెలిసిందండీ అని అడిగితే మాత్రం, అడిగినవాడికేసి జాలిగా చూస్తారు.

ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటాక ఆయన ఆ పరిశోధనా ఆసుపత్రి మెట్లెక్కారు. లోపల ఒకటే పొడుగాటి నడవా. ఆ చివర ఎలుకలు, ఈ చివర మనుషులు. మధ్యలో పెద్ద అద్దం తలుపు. ఆ చివరి నుంచి ఈ చివరికి తాపీగా నడిచినా రెండు నిమిషాలు. ఇక్కడ కనిపెట్టిన కొత్త మందు మాత్రం ఆ దూరం నడవడానికి తొమ్మిదేళ్ళు తీసుకుందని ఇక్కడే పనిచేసే ఆయన మనవరాలు పిడుగు ఒకసారి చెప్పింది. నత్త కూడా నవ్వుతుందే అని ఆయన అప్పుడు వేళాకోళం చేశారు.

నడవా మధ్యలో బల్ల మీద ఒక పెద్దమనిషీ ఆయన భార్యా కూర్చుని ఉన్నారు. పెద్దమనిషి చెవులదాకా ఉన్ని టోపీ లాక్కున్నాడు. భూతద్దం గారిని చూడగానే లేచి చేతులు జోడించాడు.

"నమస్కారమండీ. మిమ్మల్ని ఎక్కడా చూసినట్టు లేదు. కొత్తగా వచ్చారా?"

"కొత్తగానే వచ్చానండీ. మొహం పాతది."

పెద్దమనిషి హాయిగా నవ్వాడు. "ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేశానండీ. ఒక్కసారి నా బస్సెక్కిన మొహం మర్చిపోను. టిక్కెట్టు కొనకుండా దిగినవాడైతే అసలే మర్చిపోను. కూర్చోండి. ఇక్కడి డాక్టర్లు బంగారం."

భార్య ఆయన చొక్కా అంచు పట్టుకుని మెల్లిగా కూర్చోబెట్టింది. భూతద్దం గారు కూర్చునేవారే కానీ, అప్పటికే ఎదురుగా బూట్ల చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఎవరిదో ఆయనకి నిద్రలో కూడా తెలుస్తుంది.

"ఏమండీ భూతద్దం గారూ, ఊళ్ళో దొంగలు కరువయ్యారా? ఆసుపత్రికొచ్చి పడ్డారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. మూడు కేసుల్లో తన మీద ముసలాయన గెలిచాడన్న కడుపుమంట అతని మీసాల్లో ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

"దొంగలకేం బాబూ, మీరుండగా వాళ్ళకి ఏ లోటూ లేదు. మా మనవరాలు ఫోన్ చేసింది. పిల్లని మందుల స్టోర్లో కూర్చోబెట్టారట."

"కూర్చోబెట్టాను. సాయంత్రం జైల్లో కూర్చోబెడతాను." ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. "మూడు గంటలకి మా చెల్లెలి తల తెరుస్తున్నారు. మీకు తెలుసుగా, పిల్లలకి సంగీతం చెబుతుంది. చిన్నప్పటినుంచీ మూర్ఛలు. పాడుతూ పాడుతూ పడిపోతుంది. ఏ మందూ పనిచెయ్యలేదు. మామూలు స్కానుల్లో ఏమీ కనబడలేదు. ఇక్కడి కొత్త మందు ఎక్కిస్తే, మూర్ఛ పుట్టే చోట అది పోయి కూర్చుని వెలుగుతుందట. పొద్దున ఎక్కించారు. వెలిగింది. కుడివైపు. ఆ ముక్క తీసేస్తే జబ్బు పోతుంది."

"మంచి మాటే కదా."

"ఏం మంచి? కంప్యూటర్లో రెండో బొమ్మ దొరికింది. అదే తల, అదే మచ్చ, కానీ ఎడమవైపు. దాచింది మీ పిడుగు. డైరెక్టరు గారు చూసి నన్ను పిలవబట్టి సరిపోయింది. ఎవరో పరాయి కంపెనీవాళ్ళకి అమ్ముడుపోయి, ఈ మందుకి చెడ్డపేరు తెద్దామని చూసింది. పైగా పొద్దున మా చెల్లెలి కణతకి ఏదో అంటించింది. మా చెల్లెలికి ప్లాస్టరు పడదు, చర్మం కందిపోయింది. నేనే తడిగుడ్డ వేశాను. అది కూడా కేసులో రాస్తాను."

"రాయండి బాబూ. ఏదీ వదలకండి," అన్నారు భూతద్దం గారు. "మరి రెండు బొమ్మలున్నప్పుడు ఆపరేషను రేపటికి వాయిదా వెయ్యొచ్చుగా?"

"నేనూ అడిగాను. దొంగబొమ్మ చూసి ఆగిపోతే దొంగ గెలిచినట్టే కదా అన్నారు డైరెక్టరు గారు. నిజమే అనిపించింది."

భూతద్దం గారు తల పంకించి స్టోరు వైపు నడిచారు.

*

మందుల స్టోర్లో అట్టపెట్టెల మధ్య పిడుగు ముడుచుకుని కూర్చుంది. ఆయన అన్నగారి మనవరాలు. ఆ పేరు పెట్టింది ఆయనే. పుట్టిన రోజున అది ఏడ్చిన ఏడుపుకి పక్కింటి గేదె పాలు మానేసిందని ఆయన ఇప్పటికీ చెబుతారు. ఇప్పుడు అసలు చప్పుడే లేదు.

"చిన్నతాతయ్యా..."

"తాతయ్య బయట ఉన్నాడు. లోపలికి వచ్చింది పోలీసుల చుట్టం," అన్నారాయన, పెట్టె మీద కూర్చుంటూ. "మనవరాలివని వదలను. బొమ్మని మార్చావా?"

"మార్చలేదు. మార్చడం ఆపాను."

"అది జవాబా, పొడుపుకథా?"

పిడుగు కళ్ళు తుడుచుకుంది. "ఎలుకని స్కాన్ యంత్రంలో ఎలా పడుకోబెడతామో తెలుసా? బోర్లా. కానీ ఆ యంత్రం మనుషుల కోసం పుట్టింది. లోపలున్నది ఎవరైనా వెల్లకిలా పడుకున్నారనే అనుకుంటుంది. అందుకని ఎలుక కుడివైపుని ఎడమ అని చూపిస్తుంది. మేం ప్రతిసారీ తికమకపడేవాళ్ళం. అప్పుడు నేనొక చిన్న ప్రోగ్రాం రాశాను. బొమ్మ రాగానే దాన్ని అటుది ఇటు, ఇటుది అటు తిప్పేస్తుంది. సరిపోయింది. తొమ్మిదేళ్ళలో ఆరేళ్ళ బొమ్మలు అందులోంచే వెళ్ళాయి. అది ఉన్న సంగతే అందరం మర్చిపోయాం."

భూతద్దం గారి కళ్ళముందు మంగలి షాపు కనిపిస్తోంది. కుర్చీ ముందు అద్దం, వెనక గోడకి ఇంకో అద్దం. ఒక్క అద్దంలో చూస్తే గోడగడియారం తిరగబడి ఉంటుంది. అద్దంలో పడ్డ అద్దంలో చూస్తే మళ్ళీ తిన్నగా అవుతుంది.

"అంటే ఎలుక బోర్లా పడుకోవడం ఒక అద్దం. నీ ప్రోగ్రాం రెండో అద్దం. రెండూ కలిస్తే బొమ్మ తిన్నగా వస్తుంది."

"అంతే."

"మరి మనిషి..."

"మనిషి వెల్లకిలా పడుకుంటాడు తాతయ్యా. మొదటి అద్దమే లేదు. నా అద్దం మాత్రం ఉంది."

భూతద్దం గారు పొడుం డబ్బీ తీసి, మూత తెరవకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"ఎవరికి చెప్పావు?"

"పొద్దున డైరెక్టరు గారికి చెప్పాను. మనుషుల బొమ్మలు వేరే దారిన వెళతాయమ్మా, నీ ప్రోగ్రాం వాటిని ముట్టుకోదు అన్నారు. నాకు మనసొప్పక, ప్రోగ్రాం తీసేసి ఆవిడ బొమ్మ మళ్ళీ తయారుచేశాను. మచ్చ ఎడమకి వచ్చింది. అది దాచి ఆయన గదికి పరిగెత్తేలోపే పోలీసులొచ్చారు. చెబితే ఎవరూ వినరే. ఈ అబద్ధాలకోరు తన ప్రోగ్రాం గురించి కూడా అబద్ధం చెబుతోందంటారు."

"మళ్ళీ ఒకసారి స్కాన్ చేస్తే?"

"ఆ మందు పొద్దున పుట్టి మధ్యాహ్నానికి ఆరిపోయే దీపం. ఇంకోటి చెయ్యాలంటే రేపే."

"సరే. పొరపాటున వేరే వైపు కోస్తే ఏమవుతుంది? చచ్చిపోతుందా?"

"చావదు." పిడుగు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "మెదడులో జ్ఞాపకాలు అల్లుకునే గూళ్ళు రెండున్నాయి, అటొకటి ఇటొకటి. జబ్బు గూడు తీసేస్తే మంచి గూటితో మనిషి నిక్షేపంగా బతుకుతాడు. మంచిది తీసేసి జబ్బుది వదిలేస్తే పాతవన్నీ ఉంటాయి, పాటలూ పేర్లూ అన్నీ. కొత్తవి నిలవవు. చిల్లికుండలో నీళ్ళే. ఆవిడ అన్నయ్య పొద్దున కనిపిస్తే సాయంత్రానికి గుర్తుండదు. ఇక ఎప్పటికీ ఇవాళే."

*

భూతద్దం గారు స్టోర్లోంచి బయటికొచ్చి, ఇన్‌స్పెక్టరుని ఒక్క మాట అడిగారు. "మీ చెల్లెలి తల మీద పందెం కాసేముందు, ఆ యంత్రం గది ఒక్కసారి నాకు చూపించండి బాబూ. పిల్లని కూడా రానివ్వండి. తప్పు తేలితే నేనే సంకెళ్ళు వేసి అప్పగిస్తాను."

ఇన్‌స్పెక్టరు గోడగడియారం చూశాడు. రెండూ ఇరవై. "పది నిమిషాలు," అన్నాడు.

నడవాలో ఉన్ని టోపీ పెద్దమనిషి మళ్ళీ లేచాడు. "నమస్కారమండీ. మిమ్మల్ని ఎక్కడా చూసినట్టు లేదు. కొత్తగా వచ్చారా?"

"ఇందాకటి మొహమేనండీ, ఈలోగా కాస్త ముసలిదైంది," అన్నారు భూతద్దం గారు, నడక ఆపకుండా. వేళాకోళానికి పెద్దమనిషి మర్యాదగా నవ్వాడు. భార్య మాత్రం తల దించుకుంది. వయసు మీద పడితే అంతేలే, రేపు నా గతీ అదే అనుకుంటూ ఆయన ముందుకు సాగారు.

స్కాన్ గది గుమ్మం దగ్గర డైరెక్టరు నిలబడి ఉన్నాడు. తెల్లకోటు మీద ముడత లేదు, మాటలో కూడా లేదు. "లోపల పెద్ద అయస్కాంతం. ఇనుము ఏదున్నా లాగేసుకుంటుంది. దయచేసి అన్నీ ఇక్కడ పళ్ళెంలో పెట్టండి."

ఇన్‌స్పెక్టరు పిస్తోలు పెట్టాడు. తాళాలు పెట్టాడు. ఇనుప బకిల్ ఉన్న బెల్టు తీసి పెట్టి, ప్యాంటు చేత్తో పట్టుకున్నాడు. భూతద్దం గారు పొడుం డబ్బీ పెట్టి, చాలాసేపు తటపటాయించి, ఆఖరికి భూతద్దం కూడా పెట్టారు. నలభై ఏళ్ళలో అది లేకుండా ఒక గదిలోకి వెళ్ళడం అదే మొదలు. మేం ఇద్దరం సమానమైపోయాం, అతనికి ప్యాంటు లేదు, నాకు కన్ను లేదు అనుకున్నారు.

గది చల్లగా ఉంది. మధ్యలో తెల్లటి యంత్రం, పొట్టి సొరంగంలా. దాని నోట్లోంచి నాలుకలా ఒక సన్నని మంచం. ఒక మూల అద్దం గోడ వెనక కంప్యూటరు. భూతద్దం గారు ఇన్నేళ్ళలో చాలా గదులు చూశారు. హత్య జరిగిన గదులు, దొంగలు దాక్కున్న గదులు. అన్నిట్లోనూ ఏదో ఒక వాసన ఉంటుంది. ఈ గదికి వాసన లేదు. మనిషి ఇక్కడికి వచ్చి వెళ్ళిన ఆనవాలే లేదు.

"ముందు నాకు అర్థమయ్యేలా చూపించమ్మా," అన్నారాయన. "ఎలుకతో మొదలుపెట్టు."

పిడుగు మీట నొక్కింది. తెర మీద బూడిదరంగు పొగలాంటి ఆకారం తేలింది. బఠాణీగింజంత మెదడుని తెర నిండా పరిచింది. అందులో రెండు వంకర గూళ్ళు, ఎదురెదురుగా ముడుచుకున్న రెండు పసిపిల్లల్లా ఉన్నాయి.

"ఎలుకకి కూడానా?" భూతద్దం గారి గొంతు ఆయనకే వినిపించలేదు. "దానికేం జ్ఞాపకాలే?"

"దారి తాతయ్యా. ఇంటికి దారి గుర్తుంటుంది."

తర్వాత ఇన్‌స్పెక్టరు చెల్లెలి తల వచ్చింది. పిడుగు వేలు కదిపినకొద్దీ పొర వెనక పొర విచ్చుకుంది. మబ్బుల్లో మబ్బులు, మడతల్లో మడతలు, ఏ కుంచే గీయలేనంత సన్నని గీతలు. ఏ కత్తీ తగలకుండా, ఒక్క చుక్క నెత్తురు కారకుండా, ఊపిరి తీస్తున్న మనిషి తలలోకి తాను నడిచి వెళుతున్నట్టు అనిపించింది ఆయనకి.

"స్కాను జరుగుతున్నంతసేపూ ఆవిడ కూనిరాగం తీస్తూనే ఉంది," అంది పిడుగు. "ఇదిగో, ఈ వెచ్చని రంగు పాకిన చోట్లు చూడండి. అదే ఆ రాగం."

ఇన్‌స్పెక్టరు ఒక అడుగు ముందుకు వేశాడు. "అది మా చెల్లెలు పాడుతున్నదా?"

భూతద్దం గారి చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళి, అక్కడ అద్దం లేదని గుర్తొచ్చి, ఖాళీగా బయటికి వచ్చింది. నలభై ఏళ్ళుగా మనుషుల బుర్రలో ఏముందో కనిపెడతానని డబ్బా కొట్టుకున్నాను అనుకున్నారాయన. గుమ్మం బయట నిలబడి తాళం కన్నంలోంచి చూసి, ఇల్లంతా చూశానన్నవాడి కథ నాది. తొమ్మిదేళ్ళు నడిచొచ్చిన మందుని నత్త అన్నందుకు మనసులోనే లెంపలు వేసుకున్నారు.

ఆ పొగమడతల లోపల, ఒక గూటి అంచున, జొన్నగింజంత నిప్పురవ్వ కదలకుండా వెలుగుతోంది. ఇన్నేళ్ళుగా ఒక ఆడపిల్లని పాట మధ్యలో పడదోసిన శత్రువు అదే. ఇంత అందంగా ఉంటుందని ఆయన అనుకోలేదు.

"ఇది సర్జను గారి దగ్గరున్న బొమ్మే," అన్నాడు డైరెక్టరు. "మచ్చ కుడివైపు. చూశారుగా. ఇక వెళదామా?"

"వెళదామండీ. మోకాళ్ళు పట్టేశాయి, ఒక్క నిమిషం." భూతద్దం గారు యంత్రం మంచం పట్టుకుని మెల్లిగా కిందికి వంగారు. మోకాళ్ళు పట్టేసిన మనిషి అంత చురుగ్గా వంగడం ఇన్‌స్పెక్టరు కనిపెట్టాడు కానీ, ప్యాంటు జారుతుందని ఊరుకున్నాడు. ముసలాయన మంచం కాలి వెనక నుంచి ఏదో తీసి వెలుతురుకి పెట్టారు. చిన్న ప్లాస్టరు ముక్క. దానికి అంటుకుని బంగారంలా మెరుస్తున్న గుళిక.

"ఇదేమిటే?"

పిడుగు నుదురు కొట్టుకుంది. "చేపనూనె గుళిక. ఎలుక మంచానికి కుడిపక్కన ఎప్పుడూ అంటిస్తాం. నూనె ఈ యంత్రంలో బాగా మెరుస్తుంది, ఏ పక్క ఏదో తెలుస్తుంది. పొద్దున ఆవిడ తల కుదురుగా పెడుతూ, అలవాటుకొద్దీ ఆవిడ కణతకి కూడా అంటించేశాను. తర్వాత పనికిరాదని మర్చిపోయాను. ప్రోగ్రాం పుర్రె బయట ఉన్నవన్నీ కత్తిరించేస్తుందిగా."

"కత్తిరించకముందు బొమ్మ ఎక్కడుంటుంది?"

"ఈ యంత్రంలోనే. ఇంకా చెరపలేదు."

"తియ్యి."

డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. "సమయం వృథా." ఇన్‌స్పెక్టరు ఆయన వైపు చూడలేదు. "తియ్యమ్మా," అన్నాడు.

యంత్రం మొదట ఇచ్చిన బొమ్మ తెర మీదికి వచ్చింది. అదే తల, చుట్టూ చర్మం, చెవులు, అన్నీ ఉన్నాయి. ఒక కణత మీద ముత్యంలా గుళిక మెరుస్తోంది. నిప్పురవ్వ మాత్రం రెండో పక్కన ఉంది. గుళిక ఇటు, రవ్వ అటు.

"ఇందులో కుడి ఏదో ఎడమ ఏదో నాకొద్దు," అన్నారు భూతద్దం గారు. "అక్షరాలు అబద్ధమాడొచ్చు, ప్రోగ్రాములు ఆడొచ్చు. నూనె గుళిక ఆడదు. గుళిక అంటించిన వైపు మంచిది. అంటించని వైపు జబ్బుది. అంతేనా?"

"అంతే," అంది పిడుగు. "నేను కుడి కణతకి అంటించాను."

"ఇప్పుడు తను ఏ వైపంటే ఆ వైపేగా," అన్నాడు డైరెక్టరు నెమ్మదిగా. "సాక్ష్యం ఎవరు? ఆ గదిలో తనూ రోగీ తప్ప ఇంకెవరూ లేరు. రోగికి మత్తిచ్చేశారు."

మాట సూటిగా ఉంది. భూతద్దం గారు గుళికని అరచేతిలో పెట్టుకుని ఇన్‌స్పెక్టరు వైపు తిరిగారు.

"ఇందాక నడవాలో మీరొక మాట అన్నారు బాబూ. కేసులో రాస్తానన్నారు. మీ చెల్లెలికి ప్లాస్టరు పడదని."

ఇన్‌స్పెక్టరు మీసాలు కదలడం మానేశాయి.

"తడిగుడ్డ మీరే వేశారు. ఏ కణత?"

ఇన్‌స్పెక్టరు కుడిచెయ్యి తనంత తానే లేచి గాల్లో ఆగింది, మంచం మీద పడుకున్న మనిషి పక్కన కూర్చుని గుడ్డ అద్దుతున్నట్టు.

"కుడి," అన్నాడు. "కుడి కణత. వాళ్ళు కుడివైపే..."

మాట పూర్తికాలేదు. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో తలుపు నెట్టుకుని ఆయన నడవా వెంట పరిగెత్తాడు. ఆ పరుగు చూస్తే ఏ దొంగైనా జన్మలో దొంగతనం మానేస్తాడు.

*

భూతద్దం గారూ పిడుగూ తెర ముందే నిలబడ్డారు. రవ్వ వెలుగుతూనే ఉంది. గంటల క్రితం ఆరిపోయిన దీపం ఈ తెర మీద మాత్రం ఆరలేదు. చచ్చిన చుక్కల వెలుతురు ఆకాశంలో ఇంకా కనిపిస్తుందంటారు, అలాగన్నమాట అనుకున్నారాయన.

గోడ మీద ఫోను మోగింది. పిడుగు ఎత్తి ఆయన చెవి దగ్గర పెట్టింది.

"ఆపారు." ఇన్‌స్పెక్టరు ఎగశ్వాసతో మాట్లాడుతున్నాడు. "కుడివైపు గుండు చేసి గీత గీశారు. కత్తి పెట్టలేదు. ఆ గీత పక్కనే ఎర్రగా ప్లాస్టరు గుర్తు. సర్జను గారు అది చూసి కుర్చీలో కూలబడిపోయారు. మత్తు దింపుతున్నారు. రేపు మళ్ళీ స్కాను." కాసేపు ఊపిరి చప్పుడు. "తాతగారూ."

ఆ మనిషి నోట ఆ పిలుపు అదే మొదలు.

"చెప్పు బాబూ."

"నా పిస్తోలు అక్కడే ఉండిపోయింది. కాస్త చూస్తుండండి. నేను చెల్లెలి పక్కన కూర్చుంటాను, లేచేదాకా."

ఫోను పెట్టేశాక పిడుగు గోడకి ఆనుకుని కిందికి జారిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో దానికే తెలీదు. భూతద్దం గారు దాని తల నిమిరారు. ఆ తల లోపల కూడా అన్ని మబ్బులు, అన్ని మడతలు. నిమురుతున్న చెయ్యి ఒక్క క్షణం భయంగా ఆగింది, మొదటిసారి గుడిలో అడుగుపెట్టినవాడిలా.

అప్పుడు చూశారు. డైరెక్టరు గదిలో లేడు.

"పొద్దున నువ్వు చెబితే, మనుషుల బొమ్మలు వేరే దారిన వెళతాయన్నాడు కదూ," అన్నారాయన నెమ్మదిగా. "తెలియక అన్నాడా, తెలిసి అన్నాడా? పిడుగూ, ఈ మందు ఎక్కించిన మొదటి మనిషి ఈవిడేనా?"

"కాదు. రెండో ఆవిడ. మొదటాయన్ని నేను చూడలేదు, ఆ నెల నేను సెలవులో ఉన్నాను. ఆపరేషను బ్రహ్మాండంగా జరిగింది, ఆయన ఇంటికి వెళ్ళిపోయారని డైరెక్టరు గారు చెప్పారు. అది విన్నాకే మేమందరం..." పిడుగు ఆగిపోయింది. ఆయన బొమ్మ కూడా అదే ప్రోగ్రాంలోంచి వెళ్ళి ఉంటుందన్న సంగతి అప్పుడే దానికి తట్టింది.

"ఏం చేసేవాడట ఆయన?"

"బస్సు కండక్టరట."

భూతద్దం గారు పళ్ళెంలోని అద్దం తీసుకోవడం కూడా మర్చిపోయి బయటికి నడిచారు.

నడవాలో బల్ల దగ్గర ఆవిడ రెండు సంచులు సర్దుతోంది. పెద్దమనిషి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఉక్కపోసిందేమో, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కుడిచెవి మీదుగా, కొత్తగా మొలుస్తున్న వెంట్రుకల కింద, ప్రశ్నార్థకంలా వంగిన కుట్ల మచ్చ.

"ఎన్నాళ్ళయిందమ్మా ఆపరేషనయి?" అన్నారు భూతద్దం గారు, ఆవిడ పక్కన నిలబడి.

ఆవిడ చుట్టూ చూసింది. "మూడో నెల. ఎవరికీ చెప్పొద్దన్నారండీ. ఎంతోమందిని బతికించే మందట, చెడ్డపేరొస్తుందట. కొన్నాళ్ళకి సర్దుకుంటుందన్నారు. మూర్ఛలు తగ్గలేదు, ఇది కొత్తగా వచ్చింది. తనకి ఆపరేషను అయిందనే తెలీదండీ. డాక్టరు గారు ఎప్పుడు పిలుస్తారని పొద్దున్నుంచీ అడుగుతున్నాడు. రోజూ అడుగుతాడు. మొన్న మాకు మనవడు పుట్టాడు. ప్రతి పూటా కొత్తగా చెబుతాను." ఆవిడ పెదవులు బిగించింది. "ప్రతి పూటా అంతే సంతోషపడతాడు."

"ఈ సంచులేమిటమ్మా?"

"ఊరి బయట ఏదో విశ్రాంతి భవనం ఉందట. అక్కడ పెట్టి చూసుకుంటామన్నారు. డైరెక్టరు గారు ఇప్పుడే పరిగెత్తుకుంటూ వచ్చి, బండి వెనక గేటు దగ్గరుంది, వెంటనే బయలుదేరాలి, ఎవరితోనూ మాట్లాడకండి అని చెప్పి వెళ్ళారు."

ఎలుకల వైపు అద్దం తలుపు తెరుచుకుంది. డైరెక్టరు వస్తున్నాడు. వెనకాల భారీ మనుషులిద్దరు, వాళ్ళ మధ్య ఖాళీ చక్రాల కుర్చీ. ఇన్‌స్పెక్టరు చెల్లెలి పక్కన ఉన్నాడు. పిస్తోలు పళ్ళెంలో ఉంది, దాని పక్కనే భూతద్దం. ముసలాయన దగ్గర ఉన్నదల్లా అరచేతిలో ఒక చేపనూనె గుళిక.

ఆయన వెళ్ళి ఆ బల్ల మీద, పెద్దమనిషికీ నడవాకీ మధ్య, కాళ్ళు బారజాపుకుని కూర్చున్నారు.

పెద్దమనిషి కిటికీ నుంచి తల తిప్పి చేతులు జోడించాడు. కళ్ళలో అదే మర్యాద, అదే వెలుగు.

"నమస్కారమండీ. మిమ్మల్ని ఎక్కడా చూసినట్టు లేదు. కొత్తగా వచ్చారా?"

చక్రాల కుర్చీ చప్పుడు దగ్గరపడుతోంది. భూతద్దం గారు ఆ జోడించిన చేతుల్ని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"కొత్తగానే వచ్చానండీ. మీ బస్సే ఎక్కాను. మీరు ఇంటి దగ్గర దిగేదాకా నేను దిగను."